‘ఆల్సో’ ఎక్కడ, ‘టూ’ ఎక్కడ, అసలు ‘మోరోవర్’ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. రోజూ సాయంత్రం అమెరికాలోని క్లయింట్‌కి స్టేటస్ మెయిల్ పంపాలి. నా మెయిల్ నిండా ‘ఆల్సో’లేనని మా లీడ్ నవ్వారు. వాక్యాన్ని ‘ఆల్సో’తో మొదలుపెట్టడమే తప్పన్నారు. పక్క సీటు అమ్మాయి ‘వాటి బదులు మోరోవర్, ఫర్దర్‌మోర్ వాడు, ప్రొఫెషనల్‌గా ఉంటుంది’ అంది. వాడితే ఇంకా ఎబ్బెట్టుగా ఉందన్నారు. మొన్న కాల్‌లో ‘ఐ డిడ్ నాట్ గెట్ ద మెయిల్ టూ’ అన్నాను. అందరి ముందూ ఒకరు సరిదిద్దారు. ఆల్సో, టూ, యాజ్ వెల్, ఏది వెతికినా డిక్షనరీలో ‘కూడా’ అనే ఉంటుంది. మరి తేడా ఎలా తెలుస్తుంది? మా తమ్ముడు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి తయారవుతున్నాడు, వాడికీ ఇదే టెన్షన్. ‘టూ’కి ముందు కామా పెట్టాలా వద్దా అన్నది ఇంకో అనుమానం. నిన్నటి మెయిల్ పెడుతున్నాను: ‘వి హావ్ టెస్టెడ్ ద లాగిన్ పేజ్. ఆల్సో వి టెస్టెడ్ ద పేమెంట్ పేజ్. ఆల్సో వి ఫౌండ్ త్రీ ఇష్యూస్. ఆల్సో ద రిపోర్ట్ ఈజ్ అటాచ్డ్. మోరోవర్, ఐ యామ్ ఆన్ లీవ్ ఆన్ ఫ్రైడే.’ పేరు వేయవద్దు.

జవాబు: మీ లీడ్ మాట, పక్క సీటు అమ్మాయి మాట కాసేపు పక్కన పెట్టి, ఈ మెయిల్‌ని తెలుగులో చదివి చూడండి. ‘లాగిన్ పేజీ టెస్ట్ చేశాం. పేమెంట్ పేజీ కూడా చేశాం. మూడు తప్పులు కూడా దొరికాయి. రిపోర్ట్ కూడా పెట్టాం. పైగా శుక్రవారం నాకు సెలవు.’ మొదటి ‘కూడా’ చక్కగా ఉంది. రెండోది అదోలా ఉంది. మూడోదానికి నవ్వొస్తుంది. చివర్లో ఆ ‘పైగా’ వచ్చేసరికి, తప్పులు దొరికింది చాలక మీరు సెలవు కూడా పెట్టి క్లయింట్‌ని సాధిస్తున్నట్టుంది.

అంటే చిక్కు ఇంగ్లీషు మాట దగ్గర లేదు. ఆ వాక్యాల్లో ఒకదానికొకటి కలపాల్సిన పనే లేదు. లాగిన్ పేజీకి పేమెంట్ పేజీ జత, అంతవరకు సరే. తప్పులు దొరకడం టెస్టింగ్‌కి ఫలితం, ఇంకో పని కాదు. రిపోర్ట్ పెట్టడం వేరే కబురు. సెలవు పూర్తిగా వేరే కబురు. కబురు మారినప్పుడు కొత్త వాక్యం మొదలుపెడితే చాలు, మధ్యలో ఏ మాటా అక్కర్లేదు. నేనైతే ఇలా రాస్తాను: ‘వి హావ్ టెస్టెడ్ ద లాగిన్ అండ్ పేమెంట్ పేజెస్ అండ్ ఫౌండ్ త్రీ ఇష్యూస్. ద రిపోర్ట్ ఈజ్ అటాచ్డ్. ఐ విల్ బి ఆన్ లీవ్ ఆన్ ఫ్రైడే.’ నాలుగు ‘కలుపు’ మాటలు పోయి వాటి చోట రెండు ‘అండ్’లు వచ్చాయి, అంతే. ఏమీ తగ్గలేదు కదా? మీ పక్క సీటు అమ్మాయి సలహాలో తేడా ఇక్కడే వచ్చింది. అక్కర్లేని ‘ఆల్సో’ని తీసేయమనకుండా దాని చోట ఇంకా బరువైన మాట పెట్టమంది.

అలా తీసేశాక మిగిలిన చోట్ల, నిజంగా ‘కూడా’ కావాల్సిన చోట్ల, ఏది వాడాలన్నది మీ అసలు ప్రశ్న. మన ‘కూడా’కి ఒక సుఖం ఉంది. ఏ మాటకి కలపాలో ఆ మాట వెనకే వెళ్లి నిలబడుతుంది. ‘నేను కూడా రవికి రిపోర్ట్ పంపాను’, ‘నేను రవికి కూడా రిపోర్ట్ పంపాను’, ‘నేను రవికి రిపోర్ట్ కూడా పంపాను’. మూడింటికీ మూడు అర్థాలు, తికమక లేదు. ఇంగ్లీషు ‘ఆల్సో’ అలా తిరగదు. దానికి వాక్యంలో ఒక కుర్చీ కేటాయించి ఉంటుంది, క్రియకి ముందు. ‘షి ఆల్సో నోస్ తమిళ్.’ సాయపడే క్రియ ఉంటే దాని తర్వాత, అసలు క్రియకి ముందు: ‘షి హాజ్ ఆల్సో సెంట్ ద ఫైల్.’ ‘ఈజ్, ఆర్, వాజ్’ ఒంటరిగా ఉంటే వాటి తర్వాత: ‘షి ఈజ్ ఆల్సో ఇన్ ద టీమ్.’ మన క్రియ వాక్యం చివర్లో ఉంటుంది కాబట్టి క్రియ ముందు చోటు వెతకడం మనకి అలవాటు లేదు. అందుకే మనవాళ్లు ‘షి నోస్ తమిళ్ ఆల్సో’ అంటారు. మన ఆఫీసుల్లో ఇది అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికా క్లయింట్‌కి మాత్రం ఆ చివరి ‘ఆల్సో’ కాస్త కొత్తగా తగులుతుంది. చివర్లో పెట్టాలనిపిస్తే అక్కడ ఉండాల్సినవి ‘టూ’, ‘యాజ్ వెల్’.

ఒకే కుర్చీలో కూర్చోవడం వల్ల ‘ఆల్సో’తో ఒక ఇబ్బంది కూడా ఉంది. ‘ఐ ఆల్సో సెంట్ ద రిపోర్ట్ టు రవి’ అంటే ఏమిటి? ఇంకెవరో పంపారు, నేనూ పంపాను అనా? ఇంకేదో పంపాను, రిపోర్ట్ కూడా పంపాను అనా? ఇంకెవరికో పంపాను, రవికి కూడా పంపాను అనా? మాట్లాడేటప్పుడు ఆ మాటని నొక్కి పలుకుతారు కాబట్టి తెలిసిపోతుంది. మెయిల్‌లో నొక్కి పలకడం కుదరదు. రవికి కూడా అని చెప్పాలంటే ‘ఐ సెంట్ ద రిపోర్ట్ టు రవి యాజ్ వెల్’ అని చివర్లో రవి పక్కన పెడితే చదివేవాళ్లు ఎక్కువగా రవికే కలుపుకుంటారు. ఇంకా అనుమానంగా ఉంటే వాక్యమే మార్చేయండి: ‘రవి హాజ్ అ కాపీ యాజ్ వెల్.’ ‘నేను కూడా’ అన్నదే ముఖ్యమైతే ‘ఐ, టూ, సెంట్ ద రిపోర్ట్’ అనొచ్చు కానీ అది కాస్త ఉపన్యాసం ధోరణి. రోజువారీ మెయిల్‌కి నప్పదు.

ఈ మూడింటికీ అర్థంలో తేడా వెతకకండి, దాదాపు ఏమీ లేదు. తేడా సందర్భంలో ఉంది. రాతలో ‘ఆల్సో’ ఎక్కువ, మాటల్లో ‘టూ’ ఎక్కువ. ‘యాజ్ వెల్’ రెండింటికీ మధ్యలో. బ్రిటన్‌లో మాటల్లో అది బాగా వినిపిస్తుంది, అమెరికావాళ్లు అలాంటి చోట ‘టూ’ అంటారు. మీ చుట్టాలెవరైనా కెనడాలో ఉండి, వాళ్ల ఆఫీసు మెయిల్‌లో వాక్యం ‘యాజ్ వెల్,’ అని మొదలైతే తప్పనుకోకండి. అది అక్కడి పద్ధతి. మీరు మాత్రం దాన్ని చివర్లోనే ఉంచండి.

‘టూ’తో ఒక్క జాగ్రత్త. గుణం చెప్పే మాటకి ముందు పడితే దాని అర్థం ‘మరీ’ అయిపోతుంది. ‘ద యాప్ ఈజ్ స్లో టూ’ అంటే వేరే లోపాలున్నాయి, నెమ్మది కూడా అని. ‘ద యాప్ ఈజ్ టూ స్లో’ అంటే మరీ నెమ్మది, పనికిరాదు అని. టెస్టింగ్ రిపోర్ట్‌లో ఈ రెండూ తారుమారైతే డెవలపర్ మీ సీటు దగ్గరికి వచ్చేస్తాడు.

ఇక ‘ఆల్సో’తో వాక్యం మొదలుపెట్టకూడదన్న మీ లీడ్ మాట. అలాంటి నియమమేమీ లేదు. మంచి పత్రికల్లో కూడా కనిపిస్తుంది. కాకపోతే అలా మొదలుపెడితే ‘ఆఁ, ఇంకోటి మర్చిపోయాను’ అన్న ధోరణి వస్తుంది. మెయిల్‌లో ఒకసారి, వెనక కామా పెట్టి వాడితే ఏ ఇబ్బందీ లేదు. వరసగా మూడుసార్లు వచ్చేసరికి మీ లీడ్‌కి నవ్వొచ్చింది, నియమం ఏదో గుర్తొచ్చి కాదు.

మీరు కాల్‌లో అన్న మాట దగ్గరికి వద్దాం. అవతలి వ్యక్తి ‘నాకు మెయిల్ రాలేదు’ అన్నారు, మీరు ‘నాకూ రాలేదు’ అనబోయారు. తెలుగులో వచ్చినా రాకపోయినా ‘కూడా’ మారదు. ఇంగ్లీషులో ‘లేదు’కి ‘లేదు’ని కలిపేటప్పుడు ‘టూ’ పోయి ‘ఐదర్’ వస్తుంది: ‘ఐ డిడ్ నాట్ గెట్ ద మెయిల్ ఐదర్.’ ఇంత పొడుగు అక్కర్లేదనుకుంటే ‘మీ నైదర్’ చాలు. ‘మీ టూ’ అనేది ‘అవును’కే. ‘ఈదర్’ అని పలికినా తప్పు కాదు, రెండూ వాడుకలో ఉన్నాయి. ప్రశ్న రూపంలో పిలుస్తున్నప్పుడు మాత్రం ‘నాట్’ ఉన్నా ‘టూ’ బాగానే ఉంటుంది. ‘వోంట్ యు జాయిన్ అజ్ టూ?’ అంటే ‘మీరూ రారాదూ?’ అని. అది పైకి ‘లేదు’లా కనిపించే ‘రండి’.

మీరు అడగలేదు కానీ, మనవాళ్ల ఇంగ్లీషులో ఇంతకంటే ఎక్కువ దొర్లేది ఇంకొకటుంది. మన ‘కూడా’ రెండు పనులు చేస్తుంది. ‘మా మేనేజర్ కూడా రాలేదు’ అన్నామనుకోండి. మిగతావాళ్లలాగే ఆయనా రాలేదు అని ఒక అర్థం. తప్పకుండా వస్తారనుకున్నాం, ఆయన సైతం రాలేదు అని ఇంకో అర్థం. రెండో దానికి ఇంగ్లీషులో మాట ‘ఈవెన్’. మనం అక్కడా ‘ఆల్సో’ పెట్టేస్తాం. ‘నౌ ఆల్సో ద సర్వర్ ఈజ్ డౌన్’ అని రోజుకి ఎన్నిసార్లు వింటామో! అక్కడ ఉండాల్సింది ‘ఈవెన్ నౌ’. లేదా ‘ద సర్వర్ ఈజ్ స్టిల్ డౌన్’ అంటే ఇంకా హాయి. ‘ఒక్క జవాబు కూడా రాలేదు’ అన్నదాంట్లోనూ ‘ఆల్సో’కి చోటు లేదు. ‘వి డిడ్ నాట్ గెట్ ఈవెన్ వన్ రిప్లై’ అనాలి.

ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి మీ తెలుగే సాయం చేస్తుంది. వాక్యం ముందు ‘ఆఖరికి’ పెట్టి చూడండి. ‘ఆఖరికి మా మేనేజర్ కూడా రాలేదు’ అన్నదే మీ మనసులో ఉంటే ‘ఈవెన్’. ‘మిగతావాళ్లలాగే’ పెడితే నప్పుతుందంటే ఆల్సో, టూ, యాజ్ వెల్‌లలో ఒకటి. ఆ ‘మిగతావాళ్లలాగే’ వాక్యంలో ‘లేదు’ ఉంటే ఐదర్. ‘ఆఖరికి నాకు తమిళం కూడా వచ్చు’ అని మామూలుగా ఎవరూ అనరు, అందుకే అక్కడ ‘ఐ ఆల్సో నో తమిళ్’.

ఇలాంటి పరీక్షే మోరోవర్, బిసైడ్స్‌కీ పనికొస్తుంది. డిక్షనరీ వీటినీ ‘కూడా’ గుంపులోనే వేసి ఉండొచ్చు. కానీ ఇవి మన ‘పైగా’కి చుట్టాలు. ‘కూడా’ వస్తువుకి వస్తువుని, పనికి పనిని కలుపుతుంది. ‘పైగా’ కారణానికి ఇంకో కారణాన్ని కలుపుతుంది. ‘ఆ హోటల్ వద్దు, ఆఫీసుకి దూరం. పైగా అద్దె ఎక్కువ.’ ఇక్కడ మీరు ఒక మాట మీద నిలబడి వాదిస్తున్నారు, రెండు కారణాలూ ఒకే వైపు లాగుతున్నాయి. ఇంగ్లీషులో ‘ఇట్ ఈజ్ ఫార్ ఫ్రమ్ ద ఆఫీస్. బిసైడ్స్, ఇట్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్.’ తెలుగులో ‘పైగా’ రాని చోట ఇంగ్లీషులో ఇవీ రావు. మీ సెలవు వాక్యం అందుకే చెడింది. దేన్ని రుజువు చేయడానికి సెలవు పెడుతున్నారు?

వీటిలో వీటికి స్వభావం తేడా ఉంది. ‘బిసైడ్స్’లో కొంచెం తెగేసి చెప్పే ధోరణి ఉంటుంది, ‘అసలు ఇవన్నీ ఎందుకు, ఈ ఒక్క కారణం చాలదా’ అన్నట్టు. స్నేహితురాలితో సరే, క్లయింట్‌తో వద్దు. ‘మోరోవర్’ గంభీరమైనది. ముందు చెప్పినదాని కంటే గట్టి కారణం తెస్తున్నప్పుడు దానికి అందం. ‘ఫర్దర్‌మోర్’ వాదనని ఇంకో అడుగు ముందుకి నడుపుతుంది. చాలా చోట్ల ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా పోయేదేమీ లేదు. రెండిటి చోటూ నివేదికలు, పరిశోధన పత్రాలు, లాయర్ల కాగితాలు. అయిదు వాక్యాల స్టేటస్ మెయిల్‌లో ‘ఫర్దర్‌మోర్’ చూస్తే క్లయింట్ ఇదేదో లీగల్ నోటీసు అనుకుంటాడు. నిజంగా అదనపు సమాచారం ఇస్తూ, కాస్త మర్యాదగా ఉండాలనుకుంటే ‘ఇన్ అడిషన్’ సరిపోతుంది. దాని వెనక ‘టు’ వస్తే తర్వాత పేరో, ‘ఇంగ్’ రూపమో రావాలని గుర్తుంచుకోండి. ‘ఇన్ అడిషన్ టు టెస్టింగ్ ద పేజ్’ అనాలి, ‘టు టెస్ట్’ కాదు.

‘ఆన్ టాప్ ఆఫ్ దట్’ అని ఇంకొకటి మీ క్లయింట్ కాల్స్‌లో వినే ఉంటారు. అది చాలాసార్లు ‘అది చాలదన్నట్టు’ లాంటిది. సర్వర్ పడిపోయింది, అది చాలదన్నట్టు కరెంటు పోయింది. కష్టాల మీద కష్టాలు చెప్పుకోవడానికి బాగుంటుంది. టీమ్ చాట్‌లో వాడుకోండి. ‘ప్లస్’ కూడా చాట్ మాటే.

పరీక్షల వాళ్లు ఇష్టంగా పట్టుకునేవి రెండున్నాయి, మీకు కాకపోయినా బ్యాంకు పరీక్షలు రాసే స్నేహితులకి పనికొస్తాయి. ఒకటి, చివర ‘ఎస్’ లేని ‘బిసైడ్’ అంటే ‘పక్కన’ అని. ‘షి శాట్ బిసైడ్ మి.’ రెండోది ‘యాజ్ వెల్ యాజ్’. ఇది ‘అండ్’ కాదు. క్రియ మొదటి పేరుని బట్టే ఉంటుంది: ‘ద మేనేజర్, యాజ్ వెల్ యాజ్ ద టెస్టర్స్, ఈజ్ కమింగ్.’ టెస్టర్లు ఎంతమంది ఉన్నా ‘ఈజ్’ మారదు. అదే ‘అండ్’ పెడితే ‘ఆర్’ అవుతుంది. అర్థంలోనూ చిన్న మెలిక ఉంది. ‘యాజ్ వెల్ యాజ్’ తర్వాత వచ్చేది సాధారణంగా అవతలివాళ్లకి తెలిసిన సంగతి, ముందున్నది కొత్త సంగతి. టెస్టర్లు వస్తారని తెలుసు, వాళ్లతో పాటు మేనేజర్ కూడా వస్తున్నారన్నది కబురు. తెలుగులో చెప్పేటప్పుడు తలకిందులు చేసి ‘మేనేజర్‌తో పాటు టెస్టర్లు కూడా’ అనేస్తుంటారు, గమనించండి.

మీ తమ్ముడి సంగతి. కోచింగ్‌లో ‘లింకర్స్’ పేరుతో ఒక పట్టిక ఇచ్చి ఉంటారు, ప్రతి పేరా ‘మోరోవర్’తోనో ‘ఫర్దర్‌మోర్’తోనో మొదలుపెట్టమని చెప్పి ఉంటారు. ఆ పట్టికని దాచేయమనండి. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్క్‌లో వ్యాసం కనీసం 250 పదాలుండాలి, దానికి సుమారు 40 నిమిషాలు తీసుకోమంటారు. నాలుగు అంశాల మీద మార్కులేస్తారు, అందులో ఒకటి వాక్యాలు, ఆలోచనలు ఒకదానికొకటి ఎలా అతుక్కున్నాయన్నది. ఆ మార్కుల్ని బ్యాండ్లంటారు, 9 అన్నిటికంటే పైది. ఏ బ్యాండ్‌కి రాత ఎలా ఉండాలో ఆ వివరణ అందరూ చూడొచ్చు. వాక్యాల మధ్య అతుకు యాంత్రికంగా ఉండటం బ్యాండ్ 6 లక్షణాల్లో ఒకటిగా రాశారు. బ్యాండ్ 9 దగ్గరేమో ఆ అతుకు మీదికి చదివేవాళ్ల దృష్టి చాలా అరుదుగా తప్ప పోకూడదన్న ఉద్దేశంతో రాసి ఉంది. అంటే 250 పదాల్లో అయిదు ‘మోరోవర్’లు కుక్కితే అవి మార్కు తెచ్చే మాట అటుంచి, ఉన్నది తగ్గించేలా ఉన్నాయి. మొత్తం వ్యాసానికి అలాంటిది ఒకటి చాలు, అదీ కారణం మీద కారణం చెప్పే పేరాలో. మిగతా చోట్ల ‘దిస్’, ‘సచ్ జాబ్స్’, ‘దీజ్ స్టూడెంట్స్’ లాంటి మాటలతో ముందు వాక్యంలోని సంగతిని పట్టుకుని తర్వాత వాక్యం మొదలుపెట్టడం నేర్చుకోమనండి. అతుకు అక్కడ పడుతుంది. ఉదాహరణకి, పల్లెల్లో బస్సులు తక్కువని ఒక వాక్యం రాశాడనుకోండి. తర్వాతది ‘మోరోవర్, స్టూడెంట్స్ రీచ్ కాలేజ్ లేట్’ అని మొదలుపెడితే తప్పు. ఆలస్యం కావడం బస్సులు తక్కువ కావడానికి ఫలితం, ఇంకో కారణం కాదు. ‘దిస్ మేక్స్ స్టూడెంట్స్ లేట్ ఫర్ కాలేజ్’ అంటే రెండు వాక్యాలూ వాటంతట అవే కలుస్తాయి. మీ మెయిల్‌లో బగ్గుల దగ్గర జరిగిందీ ఇదే.

కామా సంగతి తేలికే. వాక్యం చివర ‘టూ’కి ముందు కామా పెట్టాలని పాత పద్ధతిలో నేర్పేవారు. ఇప్పుడు ‘ఐ విల్ జాయిన్ ద కాల్ టూ’ అని కామా లేకుండానే ఎక్కువమంది రాస్తున్నారు. రెండూ చెల్లుతాయి. ‘ఐ, టూ,’ అని వాక్యం మధ్యలో వస్తే మాత్రం రెండు వైపులా పెట్టడం మామూలు. మీ కంపెనీలో స్టైల్ గైడ్ లాంటిది ఉంటే అందులో ఉన్నట్టు చేయండి.